చిన్నబడిలో ఆలకించువారు

బడి యనగానే మనకు స్ఫురించువారు ఇరువురు. చెప్పువాడొకడు, వినువాడొకడు. చెప్పువాడు ఉపాధ్యాయుడు, వినువాడు విద్యార్థి. ఈ వరుసను తారుమారు చేసి, పిల్లవాడు చెప్పుచుండగా పెద్దవారు ప్రక్కన కూర్చుండి వినుటకే జీతమిచ్చి ఒక ఉద్యోగిని నియమించు పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇరువదవ శతాబ్దమందు ఏర్పడినది. ఐదేండ్లు మొదలు పది, పదునొకండేండ్ల ప్రాయము వఱకు గల పిల్లలు చదువుకొను ఎలిమెంటరీ పాఠశాలలలో అట్టివారిని కౌన్సిలరులందురు. ఈ ఉద్యోగము ఎట్లు పుట్టినదో, ఎవరి మేలు కొఱకు పుట్టినదో, మధ్యలో ఎవరెవరి చేతులలో పడి ఏ విధముగా మారినదో ఈ ప్రసంగమున ముచ్చటింప దలచితిమి.

ముందుగా ఒక మాట. కౌన్సిలరు అను పదమును తెలుగులో సలహాదారు అని వ్రాయుట వాడుకలో నున్నది. మాకది అంతగా రుచింపదు. ఏడేండ్ల పిల్లకు సలహాలిచ్చువారు ఇంటినిండ నుందురు. తాత, నాయనమ్మ, మేనమామ, ఎదురింటి పిన్నిగారు, అందఱును సలహాదారులే. ఈ ఉద్యోగి పనిలో సలహా పాలు స్వల్పము, ఆలకించుట యధికము. కనుక కౌన్సిలరు అనియే వ్యవహరింతము.

ఇట్టివారి యవసరము పూర్వము లేదా యని ఎవరైన అడుగవచ్చును. మన వీధిబడిని తలచుకొందము. ఒక్క పంతులు, ఇరువదియో ముప్పదియో పిల్లలు. ఆ పిల్లల ఇండ్ల నుండి వచ్చు ధాన్యముతోను, దసరా నాటి పావులా, అర్ధరూపాయలతోను ఆయన సంసారము సాగుచుండెను. ఏ యింట ఎవరు మంచమెక్కిరో, ఏ యింట అన్నదమ్ములు వేరుపడిరో ఆయనకు తెలియకపోదు. పిల్లవాడు ఏల దిగులుగా నున్నాడో కనుగొనుటకు వేఱొక ఉద్యోగి అక్కఱలేదు. అయినను ఆ పంతులుగారే, అన్నియు తెలిసియు, అదే పిల్లవానికి కోదండము వేయుచుండెను. దూలమునకు కట్టిన త్రాటిని పట్టుకొని గాలిలో వ్రేలాడిన తాతలు చెప్పిన కథలు మనలో చాలమంది విన్నవారమే. తెలియుట వేఱు, ఆలకించుట వేఱు.

అమెరికాలో ఆ తెలియుట కూడ కఱవైన కాలము పందొమ్మిదవ శతాబ్దాంతమున వచ్చినది. పిల్లలను నిర్బంధముగా బడికి పంపవలెనను శాసనమును 1852లో మాసచూసెట్స్ రాష్ట్రము మొదట చేసెను. ఒక్కొక్క రాష్ట్రమే దాని ననుసరించి, 1918లో మిసిసిపీతో ఆ వరుస పూర్తియైనది. అంతకు ముందు గనులలో, మిల్లులలో, పొలములలో నున్న పిల్లలందఱు బెంచీల మీదికి వచ్చి కూర్చుండిరి. మఱియొక ప్రక్క యూరపు నుండి ఓడలు దిగుచుండెను. 1907వ సంవత్సరమొక్కదానిలోనే పండ్రెండు లక్షల ఎనుబదియైదు వేలమందికి పైగా వలసదారులు ఆ దేశమున అడుగుపెట్టిరి. ఇటాలియను, యిద్దిషు, పోలిషు భాషలు మాటలాడు ఇండ్లనుండి వచ్చిన పిల్లలకు ఆంగ్లమున పాఠము చెప్పు ఉపాధ్యాయినికి ఆ పిల్ల ఏమి తిని వచ్చినదో, రాత్రి ఎక్కడ పరుండినదో తెలిసికొను దారియే లేకపోయినది.

ఈ కొఱతను మొదట గ్రహించినవారు విద్యాధికారులు కారు. బీదలపేటలలో నివాసమేర్పఱచుకొని సేవ చేయుచుండిన సెటిల్మెంటు గృహములవారు, స్త్రీ సమాజములవారు. 1906, 1907 సంవత్సరములలో న్యూయార్కు, బోస్టను, హార్ట్‌ఫర్డు నగరములందు వీరు కొందఱు స్త్రీలను బడికిని ఇంటికిని నడుమ తిరుగుటకు నియమించిరి. వీరికి విజిటింగ్ టీచర్లని పేరు. పిల్ల బడికి రాకున్న కారణమేమి, వచ్చియు నిద్రపోవుటకు కారణమేమి యని ఇంటికి పోయి చూచి, ఉపాధ్యాయినికి చెప్పుట వారి పని. పగలు బడియు, రాత్రి పూలు కట్టి అమ్ము కూలిపనియు చేయు పిల్ల తరగతిలో తూలిపడినచో అది సోమరితనము కాదని చెప్పగలిగినవారు వీరే. 1913లో రోచెస్టరు నగరపు విద్యామండలి తన సొంత నిధులనుండి వీరికి జీతమిచ్చుటతో ఈ పని దానధర్మముల పద్దు నుండి ప్రభుత్వ పద్దులోనికి ఎక్కినది. నేటి స్కూల్ సోషల్ వర్కర్లు తమ వంశమును ఇచ్చటినుండి లెక్కించుకొందురు. ఎలిమెంటరీ కౌన్సిలరుకు కూడ వీరు మేనత్తల వరుస యనవచ్చును.

అంతకు పదేండ్లకు పూర్వము ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక సంగతిని ఇచ్చట చెప్పక తప్పదు. 1896 మార్చిలో మార్గరెట్ మెగ్వైర్ అను ఉపాధ్యాయిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రము బోధించు లైట్నర్ విట్మరును సమీపించెను. ఆమె తరగతిలో పదునాలుగేండ్ల బాలుడొకడుండెను. తక్కిన విషయములలో తెలివిగలవాడే. కాని పదములను చదువలేడు, వ్రాయలేడు. మనశ్శాస్త్రము నిజమైన శాస్త్రమే యైనచో ఈ పిల్లవానికి ఏదైన చేయలేదా యనునది ఆమె ప్రశ్న. విట్మరు వానిని పరీక్షింపగా కంటిలోపము బయటపడినది. వానికి వస్తువులు రెండుగా కనబడుచుండెను. ఒక్కొక్క అక్షరము కదలి మఱియొక అక్షరముపై ఎక్కుచుండగా ఆ బాలుడు ఏండ్ల తరబడి మొద్దు అనిపించుకొని కూర్చుండెను. కండ్లద్దములు పెట్టించి, పిమ్మట ఓపికతో మొదటినుండి చదువు నేర్పించిరి. మాయమంత్రము వలె ఒక్కనాట బాగుపడలేదు గాని, ముందుకు సాగెను. ఆ సంవత్సరమే విట్మరు తన ప్రయోగశాలను అట్టి పిల్లలకు చికిత్సాలయముగా మార్చెను. ఇట్టి చికిత్సాలయములలో అది మొట్టమొదటిది.

ఈ కథలో విట్మరు పేరును శాస్త్రగ్రంథములు కీర్తించుచున్నవి. మాకు మాత్రము ఆ ఉపాధ్యాయిని ముఖ్యురాలుగా తోచును. పిల్లవానిని దండించుటకు బదులు, వాడు ఏల చదువలేకున్నాడని ప్రశ్నించి, తనకు తెలియనిచోట తెలిసినవారి గుమ్మమెక్కినది ఆమెయే గదా.

కౌన్సిలరు అను పేరు మాత్రము ఈ దారిన రాలేదు. అది ఉద్యోగముల దారిన వచ్చినది. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అను ఆయన బోస్టనులో వొకేషన్ బ్యూరో యను సంస్థను స్థాపించి, పని వెదకుకొను యువకులకు వారి శక్తికి తగిన వృత్తిని ఎన్నుకొను విధానమును చూపెను. అంతకు ముందటి సంవత్సరము గ్రాండ్ రాపిడ్స్ నగరమున జెస్సీ డేవిస్ అను ప్రధానోపాధ్యాయుడు వ్యాసరచనా పాఠములలో వృత్తులను గూర్చిన చర్చను చేర్పించెను. మార్గదర్శనమను ఉద్యమము ఈ విధముగా ఉన్నత పాఠశాలల మెట్లపై పుట్టి, అచ్చటనే పెరిగినది. రెండవ తరగతి పిల్లవానికి ఉద్యోగముతో పనిలేదు. కావున వానికి కౌన్సిలరుతోను పనిలేదని అర్ధ శతాబ్దము పాటు అందఱును నమ్మిరి.

నమ్మనివారు కొలదిమంది యుండిరి. మానసికారోగ్యమను మాట ఆ దినములలోనే వినవచ్చుచుండెను. పిచ్చాసుపత్రిలో తాను పడిన బాధలను క్లిఫర్డ్ బీర్స్ 1908లో గ్రంథముగా వెలువరింపగా దేశమంతట సంచలనము కలిగెను. 1909లో షికాగోలో విలియం హీలీ అను వైద్యుడు బాలనేరస్థులను పరీక్షించు సంస్థను ప్రారంభించెను. క్లార్క్ విశ్వవిద్యాలయమున విలియం బర్న్‌హామ్ అను ఆచార్యుడు మానసికారోగ్యమునకు మొదటి స్థానము ఆసుపత్రి కాదు, పసిపిల్లల తరగతి గదియే యని వాదించెను. చిన్నబడులలో మార్గదర్శనమునకు ఆయనను మూలపురుషునిగా ఎంచుట పరిపాటి. ఆయన వాదము ప్రకారము ఆ పనిని చేయవలసినది ప్రత్యేకోద్యోగి కాదు, ఉపాధ్యాయుడే. ఈ వివాదము నేటికిని తెగలేదు.

అట్లాంటికు సముద్రమునకు ఆవలి యొడ్డున, వియన్నాలో, ఆల్‌ఫ్రెడ్ ఆడ్లరు మొదటి ప్రపంచ యుద్ధానంతరము నగరపు బడులలోనే సలహాకేంద్రములు తెఱపించెను. తల్లి, తండ్రి, పిల్లవాడు, ఉపాధ్యాయుడు ఒక్కచోట కూర్చుందురు. ఇతర ఉపాధ్యాయులు కూడ వచ్చి విని నేర్చుకొందురు. 1934లో ఆస్ట్రియాలో నిరంకుశ ప్రభుత్వము వచ్చి వానిని మూయించినది. ఆడ్లరు శిష్యుడైన రుడాల్ఫ్ డ్రైకర్సు అమెరికాకు వలసపోయి షికాగోలో స్థిరపడగా, ఆ పద్ధతియు ఆయన వెంట ఓడ యెక్కినది. అమెరికా చిన్నబడుల కౌన్సిలరులపై ఈయన బోధనలు బలముగా ముద్రవేసినవి.

ఇక 1928లో వెలువడిన ఒక పరిశోధనను గూర్చి కొంచెము తీరికగా చెప్పవలసియున్నది. ఇ. కె. విక్‌మన్ అను ఆయన ఐదువందలకు పైబడిన ఉపాధ్యాయులను, ముప్పదిమంది మానసిక చికిత్సకులను తీసికొని, పిల్లలలో కనబడు ఏబది రకముల ప్రవర్తనల పట్టికను వారి ముందుంచెను. వీనిలో ఏది ఎంత ప్రమాదకరమో గుర్తింపుడని కోరెను. ఉపాధ్యాయులు దొంగతనము, అసభ్య ప్రవర్తన, అబద్ధములాడుట, ఎదురు చెప్పుట, బడి యెగవేయుట మొదలగువానిని పై వరుసలో నిలిపిరి. సిగ్గు, బెరకు, ఎవరితోను కలియక ఒంటరిగ నుండుట యనునవి వారి పట్టికలో అడుగున పడినవి. చికిత్సకుల పట్టిక ఇంచుమించు తలక్రిందు. ఒంటరితనము, అనుమానము, దిగులు, భయము అనునవి వారికి అన్నిటికంటె హెచ్చు ఆందోళన కలిగించినవి.

దీని యర్థమేమి? తరగతిలో అల్లరిచేయు పిల్లవాడు ఉపాధ్యాయుని కంటిలో పడును. వానికి దెబ్బయో, మందలింపో, ఏదో యొకటి దొరకును. మూలనున్న బెంచీపై చప్పుడు చేయక కూర్చుండు పిల్ల బుద్ధిమంతురాలని పేరు తెచ్చుకొనును. ఆమె మనస్సులో ఏమి జరుగుచున్నదో అడుగవలెనని ఎవరికిని తోచదు. ఏలయన ఆమె వలన ఎవరికిని ఇబ్బంది లేదు.

ఈ పరిశోధనపై విమర్శలు రాకపోలేదు. ఉపాధ్యాయులను ఇప్పటి తరగతికి కలుగు చిక్కులను దృష్టిలో నుంచుకొని చెప్పుమని, చికిత్సకులను పిల్లవాని భావిజీవితమును దృష్టిలో నుంచుకొని చెప్పుమని వేఱు వేఱు ప్రశ్నలు వేసినారనియు, వేఱు ప్రశ్నలకు వేఱు జవాబులు వచ్చుట వింత కాదనియు కొందఱు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే. నలువదిమందిని ఒక్క గదిలో కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పవలసిన మనిషి, పాఠమును చెడగొట్టువానినే ముందు చూచుట తప్పనరాదు. కాని ఆ యాక్షేపణ వలననే అసలు విషయము మఱింత స్పష్టపడినదని మా యభిప్రాయము. పాఠము చెప్పవలసిన పూచీ లేని మఱియొక పెద్దమనిషి ఆ బడిలో నున్నగాని ఆ మూలబెంచీ పిల్ల కనబడదు.

1942లో కార్ల్ రోజర్సు కౌన్సిలింగును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన అంతకు ముందు పండ్రెండేండ్లు రోచెస్టరులో బాధిత బాలుర నడుమ పనిచేసినవాడు. ఎదుటివానికి దారి చూపుట కంటె వాడు తన దారిని తానే కనుగొనువఱకు శ్రద్ధతో వినుట మేలని ఆయన సిద్ధాంతము. పెద్దలయిన మాటలతో చెప్పుకొందురు, ఆరేండ్ల పిల్లకు దుఃఖమును చెప్పుటకు మాటలెక్కడివి? ఆ ప్రశ్నకు ఆయనతో పనిచేసిన వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో సమాధానము చెప్పెను. బొమ్మలు, ఇసుక, రంగులు, మట్టి ముందుంచుడు, పిల్ల ఆటలోనే తన కథ చెప్పునని ఆమె చూపెను. బొమ్మరిల్లు కట్టి, ఆ యింటి తండ్రి బొమ్మను తలుపు వెలుపల పరుండబెట్టిన పిల్ల ఒక్క మాటయు పలుకకయే ఎంత చెప్పినట్లు! మన ఆడపిల్లల బొమ్మల పెండ్లిండ్లను వెనుకనుండి విన్న తల్లులకు ఈ సంగతి క్రొత్త కాదు.

ఇంతవఱకు నడచినదంతయు అచ్చటచ్చట, కొందఱు దయగల వ్యక్తుల పూనికచే నడచినది. దేశమంతటను కౌన్సిలరులను నింపినది దయ కాదు, భయము. 1957 అక్టోబరు 4వ తేదీని సోవియట్ యూనియను స్పుత్నిక్‌ను ఆకాశమునకు పంపినది. 83.6 కిలోగ్రాముల ఆ గోళము బీప్ బీప్ మని భూమి చుట్టు తిరుగుచుండగా ఆ శబ్దమును రేడియోలలో విని అమెరికా నివ్వెఱపోయెను. మన బడులు రష్యా బడులకు వెనుకబడినవి, మన తెలివిగల పిల్లలు గణితము చదువక జాఱిపోవుచున్నారు అను కేకలు చెలరేగినవి. 1958 సెప్టెంబరు 2వ తేదీని అధ్యక్షుడు ఐజెన్‌హోవరు జాతీయ రక్షణ విద్యాశాసనముపై సంతకము చేసెను. శాసనము పేరులో రక్షణ అను పదము విద్య అను పదమునకు ముందుండుటను శ్రోతలు గమనింతురు గాక.

ఆ శాసనములోని ఐదవ భాగము బడులలో పరీక్షలకును, మార్గదర్శనమునకును ఏటేట కోటి యేబది లక్షల డాలర్లు కేటాయించినది. కౌన్సిలరులకు శిక్షణ నిచ్చుటకు విశ్వవిద్యాలయములకు వేఱుగ ధనమిచ్చినది. ఉద్దేశము నిర్మొగమాటముగా వ్రాయబడియున్నది. ప్రతిభగల విద్యార్థులను కనుగొనుట, వారిని శాస్త్రవిద్యల వైపు నడపుట. అదియు ఉన్నత పాఠశాలలలో మాత్రమే. గనిలో బంగారమును వెదకినట్లు పిల్లలలో ఇంజనీర్లను వెదకుటకు కౌన్సిలరు చేతికి పరీక్షాపత్రములు వచ్చినవి. బంగారము కాని మట్టిని ఏమి చేయవలెనో ఆ శాసనము చెప్పలేదు.

అయినను లోకములో ఒక్కొక్కప్పుడు తప్పు కారణముతో ఒప్పు పని జరుగుచుండును. శిక్షణ పొందిన కౌన్సిలరులు వేలకొలది తయారైరి. వారు పిల్లలతో కూర్చుండి మాటలాడగా, పదునైదేండ్ల బాలుని చిక్కులు పదునైదవ యేట పుట్టినవి కావని బోధపడినది. వాని వేళ్ళు మూడవ తరగతిలో నున్నవి. 1962లో గిల్బర్ట్ రెన్ అను ఆచార్యుడు మాఱుచున్న లోకములో కౌన్సిలరు స్థానమును చర్చించుచు ఒక గ్రంథము ప్రకటించెను. కౌన్సిలరు చిక్కులలో పడిన కొందఱిని బాగుచేయుటకు మాత్రమే కాదు, పెరుగుచున్న పిల్లలందఱికిని తోడుగా నుండవలెననియు, ఆ తోడు చిన్నబడినుండియే మొదలు కావలెననియు ఆయన కోరెను. 1964లో రక్షణ విద్యాశాసనమును సవరించి ప్రాథమిక పాఠశాలలకును ఆ నిధులను వర్తింపజేసిరి. మఱుసటి యేడు అధ్యక్షుడు జాన్సను కాలమున వెలువడిన విద్యాశాసనము బీదపిల్లల బడులకు విరివిగా ధనమిచ్చుటతో ఈ ఉద్యోగమునకు మఱికొంత బలము చేకూరెను. 1966లో కౌన్సిలరుల సంఘములు రెండు కలిసి ఒక ఉపసంఘమును వేసి, ఎలిమెంటరీ కౌన్సిలరు చేయవలసిన పనిని మూడు పాయలుగా నిర్ణయించినవి. మఱుసటి యేట వారికని ప్రత్యేకముగా ఒక పత్రిక కూడ వెలువడినది.

ఆ మూడు పాయలలో మొదటిది పిల్లలతో స్వయముగా మాటలాడుట. ఒక్కరితో కావచ్చును, నలుగురైదుగురితో కావచ్చును. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలను, తమ్ముడు చనిపోయిన పిల్లను, క్రొత్త ఊరినుండి వచ్చి స్నేహితులు దొరకని వానిని పిలిచి కూర్చుండబెట్టుట. రెండవది పెద్దలతో ఆలోచన. ఉపాధ్యాయినితో, తల్లితో కలిసి పిల్లవాని సంగతి విచారించుట. పసిపిల్లల విషయమున ఈ రెండవదియే మొదటిదానికంటె హెచ్చు ఫలమిచ్చునని అనుభవజ్ఞులందురు. ఏలయన పదునారేండ్లవాడు తన జీవితమును తానే కొంత మార్చుకొనగలడు. ఆరేండ్లవాని జీవితము పెద్దల చేతిలో నున్నది. మూడవది సమన్వయము. కంటివైద్యుడు, సోషల్ వర్కరు, మనశ్శాస్త్రజ్ఞుడు, న్యాయస్థానము వీరి నడుమ పిల్లవాడు చేజాఱిపోకుండ చూచుట.

1970లో డూసో అను పేరుగల పెట్టె యొకటి బడులలోనికి వచ్చినది. దానిలో చేతితొడుగు బొమ్మలు, పాటలు, పటములు, కథలు ఉండెను. డూసో యనగా ఆ బొమ్మలలో నొకటియైన డాల్ఫిన్ పేరు. కౌన్సిలరు తరగతి గదికి వచ్చి ఆ బొమ్మచేత మాటలాడించి, కోపము వచ్చినపుడు ఏమి చేయవలెను, స్నేహితుడు అలిగిన ఏమి చేయవలెను అని పిల్లలచేతనే చెప్పించును. చాలచోట్ల పిల్లలకిది పండుగ వలె నుండెను. కొన్నిచోట్ల తల్లిదండ్రులు ఎదురు తిరిగిరి. మా పిల్ల మనస్సులోని మాటలను బడివారు అడుగుటకు అధికారమేమి? మంచిచెడ్డలను నేర్పవలసినది ఇల్లు, ఆరాధనాలయము గాని డాల్ఫిన్ బొమ్మయా? అని వారు నిలదీసిరి. వారిని ఛాందసులని కొట్టిపాఱవేయుట సులభము. కాని వినువాడు ఎవరి పక్షమున వినుచున్నాడను ప్రశ్న వారు వేసినదే, అది చిన్న ప్రశ్న కాదు.

ఆ ప్రశ్న ఎంత పెద్దదో కాలిఫోర్నియాలో జరిగిన వ్యాజ్యము చూపినది. అచ్చట బుద్ధిపరీక్షల మార్కులను బట్టి నల్లజాతి పిల్లలను వారి జనసంఖ్యకు మించిన నిష్పత్తిలో మందబుద్ధుల తరగతులకు పంపుచుండిరి. ఒకసారి ఆ తరగతిలో పడినవాడు మరల మామూలు తరగతికి వచ్చుట యరుదు. 1971లో కొందఱు తల్లిదండ్రులు న్యాయస్థానమునకు పోయిరి. లారీ పి. అను సంకేతనామముతో ప్రసిద్ధమైన ఆ కేసులో 1979లో తీర్పు వారి పక్షమున వచ్చినది. పిల్లవానికి మేలు చేయ పుట్టిన పరీక్షయే వాని నొసట ముద్రయైనది. ఈలోపల 1974లో తమ పిల్లలను గూర్చి బడివారు వ్రాసికొన్న కాగితములను చూచు హక్కును తల్లిదండ్రులకిచ్చుచు శాసనము వెలువడెను. 1975లో అంగవైకల్యము, మనోవైకల్యము గల పిల్లలందఱికిని తగిన చదువు చెప్పితీరవలెనను మఱియొక మహత్తరమైన శాసనము వచ్చినది. ఆ పిల్లలకు అది నిజముగా తలుపు తెఱచినది. కాని దానితో వచ్చిన కాగితముల కట్టలలో అధికభాగము ఎవరి బల్లమీద పడెనో ఊహించుట కష్టము కాదు. బడిలో తరగతి లేని ఉద్యోగి ఒక్కరే. ఆ యొక్కరు కౌన్సిలరు.

అది మొదలు కౌన్సిలరు కథ సగము గుమాస్తా కథ. పరీక్షాపత్రములు లెక్కపెట్టుట, రాని ఉపాధ్యాయుని తరగతిని కాచుట, మధ్యాహ్న భోజనశాలలో కాపలా, బస్సుల వరుసలు సరిచూచుట. 2003లో అమెరికా కౌన్సిలరుల సంఘము ఒక జాతీయాదర్శమును ప్రకటించుచు కౌన్సిలరుచేత చేయింపగూడని పనుల పట్టికను కూడ ప్రకటింపవలసి వచ్చినదన్న, పరిస్థితి అర్థమగును. మఱియొక వింత గూడ కలదు. 1977లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము బడిలో బాలురను చెక్కపలకతో కొట్టుట రాజ్యాంగ విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. కొన్ని రాష్ట్రములలో అది నేటికిని చెల్లుచున్నది. ఒకే కప్పు క్రింద ఒక గదిలో చెక్కపలక, ఒక గదిలో ఆలకించు చెవి!

మన దేశపు సంగతి చూతము. 1952-53లో మొదలియారు సంఘము మాధ్యమిక పాఠశాలలకు మార్గదర్శనమును సిఫారసు చేసినది. 1954లో ఢిల్లీలో కేంద్ర మార్గదర్శన సంస్థ ఏర్పడి, 1961లో పుట్టిన జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలిలో తరువాత లీనమైనది. ఇక్కడను పై మెట్టునుండియే ఆరంభము. కాని 1966లో కొఠారీ సంఘము తన నివేదికలో మార్గదర్శనము ప్రాథమిక పాఠశాల మొదటి తరగతినుండియే ఆరంభము కావలెనని స్పష్టముగా వ్రాసెను. అమెరికావారు చిన్నబడులకు నిధులిచ్చి రెండేండ్లయినను కాలేదు. ఇంత విశాలమైన దేశమున ప్రతి చిన్నబడికిని ఒక కౌన్సిలరును నియమించుట సాధ్యముకాదని యెఱిగి, ఉపాధ్యాయులకు శిక్షణాకాలముననే పిల్లల భేదములను గుర్తించు విధానమును నేర్పవలెనని సూచించినది. బర్న్‌హామ్ ఆచార్యుని వాదమే మరల మన యింటికి వచ్చినదన్నమాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున పిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. కోదండము చట్టరీత్యా ముగిసినది. దాని స్థానమున ఏమి ఉండవలెనో ఆ విభాగము చెప్పదు.

రేడియో శ్రోతలకు ఒక సంగతి జ్ఞాపకము చేయకుండ ఉండలేము. పిల్లలు చెప్పుచుండగా పెద్దలు వినుట యను మర్యాదను తెలుగునాట అలవాటు చేసినవారిలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు అగ్రగణ్యులు. వారు కౌన్సిలరులు కారు, ఆ పేరు కోరినవారును కారు. అయినను మైకు ముందు తడబడు పసివానిని తొందరపెట్టక, వాని మాట పూర్తియగువఱకు ఆగుట ఎట్లో ఆ దంపతులకు తెలిసినట్లు శిక్షణాలయములలో పట్టము పొందినవారికి అందఱికి తెలియునా యని మా సందేహము.

అమెరికాలో నేటి లెక్క ఎట్లున్నదనగా, ఒక్క కౌన్సిలరుకు 250 మందికి మించి పిల్లలుండరాదని వారి సంఘము 1965 నుండి చెప్పుచున్నది. 2022-23లో దేశమంతటి సగటు 385. చిన్నబడులను మాత్రము వేఱుచేసి చూచిన ఆ సంఖ్య ఇంకను పెద్దది. ఏలయన ఉన్నత పాఠశాలలో కళాశాల ప్రవేశపు దరఖాస్తులున్నవి, తల్లిదండ్రులు వచ్చి అడుగుదురు. చిన్నబడిలో అడుగువారు తక్కువ. కొన్ని రాష్ట్రములలో ప్రాథమిక పాఠశాలకు కౌన్సిలరు ఉండి తీరవలెనని శాసనము కలదు, కొన్ని రాష్ట్రములలో లేదు. కౌన్సిలరుల కొఱకు కేంద్రమొకటి ప్రత్యేక నిధి పెట్టి, అది నాలుగు కోట్ల డాలర్లకు చేరువఱకు మొత్తమును చిన్నబడులకే ఖర్చు పెట్టవలెనని నియమించియుండెను. 2015 నాటి విద్యాశాసనము ఆ నిధిని తక్కిన పద్దులతో కలిపివేసి, ఏ పనికి ఎంత వాడుకొనవలెనో స్థానికుల ఇష్టమునకు వదలినది.

పేద జిల్లాలలో ఒక్క కౌన్సిలరు రెండు బడులు చూచుట సామాన్యము. సోమ, బుధ, శుక్రవారములు ఒక బడి, మంగళ, గురువారములు మఱియొక బడి. శుక్రవారమునాడు ఏడ్చుచు వచ్చిన రెండవ బడి పిల్లను ఉపాధ్యాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మంగళవారము వఱకు ఓపిక పట్టుమని చెప్పి, పాఠము మొదలుపెట్టును.